26, 52 లెక్క చెప్పి దేశవాళీ పత్తిని పక్కన పెట్టకండి

దేశవాళీ పత్తి మీద పరిశోధన ఎందుకు పెంచరని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు వస్తోంది. "దాని క్రోమోజోములు 26. మీరిప్పుడు వేస్తున్న పత్తివి 52. రెండూ కలవవు. దాని మంచి గుణాలు దీంట్లోకి రావు." కిసాన్ మేళాల్లో, కంపెనీల మీటింగుల్లో ఈ మాట అనేసరికి ఎదుట కూర్చున్న రైతు నోరు మూతపడుతుంది. క్రోమోజోము అంటే ఏమిటో తెలియనప్పుడు ఏమని వాదిస్తాడు?

ఆ జవాబులో అంకెలు నిజమే. వాటి నుంచి తీసిన తీర్పు మాత్రం తప్పు. అసలు ఆ 52 అనే అంకె ఎలా పుట్టిందో తెలుసుకుంటే ఈ సంగతి మనకే అర్థమవుతుంది. అందుకే ఈ నెల ధరలు, బకాయిలు కాస్త పక్కన పెట్టి క్రోమోజోముల గురించి రాస్తున్నాను. విసుక్కోకుండా చదవండి, ఇది కూడా మన విత్తనం గొడవే.

మొక్క కణంలో వంశ లక్షణాలు మోసే పోగుల్ని క్రోమోజోములంటారు. జాతికో లెక్క ఉంటుంది. మిరప, వంగ, టమాట, వరి నాలుగింటికీ 24. కందికి, మినుముకు 22. శనగకు 16. పొగాకుకు 48. ఈ లెక్కలో సగం పుప్పొడి నుంచి, సగం తల్లి పువ్వు నుంచి వస్తాయి. మిరపలో అటు 12, ఇటు 12. ఆ పన్నెండూ ఈ పన్నెండూ దేని జోడీని అది పట్టుకుని నిలబడితేనే తర్వాతి తరానికి గింజ కడుతుంది. జోడీ కుదరకపోతే మొక్క ఏపుగానే పెరుగుతుంది, పూత కూడా వస్తుంది, కాయ మాత్రం నిలవదు. నిలిచినా లోపల తాలే.

ఈ అంకెల్ని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టే పని నూరేళ్లకు పైగా సాగుతోంది. మనం ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో పనిచేసిన జానకి అమ్మాళ్, సి.డి.డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్ తెచ్చారు. వేలాది మొక్కల లెక్కలు అలా పోగుపడ్డాయి. అయితే లెక్క తెలియడం వేరు, ఆ లెక్క ఎందుకలా ఉందో తెలియడం వేరు.

అడంగల్ తీసి చూడండి. అన్నదమ్ములు పంచుకుంటే ఒక సర్వే నంబరు 143/1, 143/2 అవుతుంది. నంబర్లు పెరిగాయి, భూమి పెరగలేదు. రెండు చెక్కలు ఒకరే కొని గట్టు తీసేస్తే నంబరు తగ్గుతుంది, భూమి తగ్గదు. ఇంకొకాయన తనకున్నంత భూమినే మళ్లీ కొంటాడు, అది నిజమైన రెట్టింపు. క్రోమోజోముల్లోనూ ఇలాగే జరుగుతుంది. ఒకటి విరిగి రెండవుతుంది, రెండు అతుక్కుని ఒకటవుతాయి. కొన్నిసార్లు కట్ట మొత్తం రెట్టింపవుతుంది. రెట్టింపైన మొక్క, కాని మొక్క కలిస్తే ఒకటిన్నర రెట్లవుతుంది. పైకి కనిపించేది అంకె ఒక్కటే. అది పంపకం వల్ల పెరిగిందో, కొనుగోలు వల్ల పెరిగిందో అంకె చూసి చెప్పలేం.

పూర్వం దీనికి ఒక కచ్చా సూత్రం ఉండేది. పుప్పొడిలో 14 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ జాతి ఎప్పుడో రెట్టింపైనదే అనుకోవచ్చని వెర్న్ గ్రాంట్ అనే శాస్త్రవేత్త 1963లో చెప్పాడు. చాలాకాలం ఆ కొలబద్దతోనే పని నడిచింది. 2010లో ఇటే మేరోజ్, మైకేల్ బార్కర్, సారా ఓటో అనే ముగ్గురు దానికి బదులు ఒక గణిత పద్ధతి తెచ్చారు. ముందుగా డీఎన్ఏ ఆధారంగా ఒక కుటుంబంలోని జాతులన్నిటికీ వంశవృక్షం గీస్తారు. కొమ్మల చివర నేటి అంకెలు రాస్తారు. ఒకటి పెరగడం, ఒకటి తగ్గడం, రెట్టింపవడం, ఒకటిన్నర కావడం అనే నాలుగు మార్పులకూ తలా ఒక వేగం అనుకుంటారు. ఆ వేగాలతో కింది నుంచి పైకి నడిస్తే నేటి అంకెలే వచ్చే అవకాశం ఎంతో కంప్యూటరు లెక్కగడుతుంది. ఎక్కువ అవకాశం ఇచ్చే వేగాలను నిలబెడుతుంది. ఆ తర్వాత ప్రతి చీలిక దగ్గరా, ఇక్కడ పూర్వీకుడి అంకె ఇంత అయి ఉండే అవకాశం ఇంత అని చెబుతుంది. ఖాయం అనదు, అవకాశం అనే అంటుంది. ఆ విషయంలో మన వాతావరణ జోస్యాల కన్నా, పంట బీమా లెక్కల కన్నా నిజాయితీ గలదే.

రికార్డులు కాలిపోయిన ఊళ్లో నేటి చెక్కల్ని చూసి తాతల నాటి పంపకాలు తేల్చడం లాంటి పని ఇది. వంశవృక్షం తప్పైతే ఫలితం తప్పుతుంది. ఎవరో పాతకాలంలో తప్పు లెక్కపెట్టి రాసి ఉంటే అదీ లోపలికొస్తుంది. అయినా ఈ పద్ధతి వచ్చాక ఒక సంగతి బాగా బలపడింది. క్రోమోజోముల కట్ట రెట్టింపు కావడం ఎప్పుడో ఒకసారి జరిగిన వింత కాదు, పూలమొక్కల వంశాల్లో మళ్లీ మళ్లీ నడిచిన బాట.

పత్తి నడిచింది కూడా ఆ బాటలోనే. మన అర్బోరియం, హెర్బేసియం అనే దేశవాళీ పత్తులకు 26. అమెరికా ఖండంలోని అడవి పత్తులకూ 26. మనం ఇప్పుడు వేస్తున్న హిర్సుటం జాతికి, ఈజిప్టు పత్తి అని పేరుపడ్డ బార్బడెన్స్‌కు 52. స్కోవ్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త 1930లలో ఆ 52లోని జతల్ని పరిశీలించి, 13 పెద్దవి, 13 చిన్నవి అని గుర్తించాడు. పెద్దవి ఆసియా పత్తుల వాటితో, చిన్నవి అమెరికా అడవి పత్తుల వాటితో సరిపోయాయి. అంటే 52 అనేది రెండు 26ల ఉమ్మడి కాపురం. 1940లో బీస్లీ, హార్లాండ్ విడివిడిగా ఆ రెండు రకాల పత్తుల్నీ కలిపి, కట్ట రెట్టింపు చేసి, ప్రయోగశాలలోనే అలాంటి మొక్కను పుట్టించి చూపించారు.

ప్రకృతిలో ఈ కలయిక పది, ఇరవై లక్షల ఏళ్ల కిందట జరిగిందని అంచనా. మనిషే లేని కాలం. మన దేశవాళీ పత్తి పూర్వీకురాలి విత్తనం సముద్రాల మీదుగా ఎలాగో అమెరికా గడ్డ చేరింది. అక్కడి అడవి పత్తి పుప్పొడి దాని మీద పడింది. ఇందులో మన రైతులు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఆ కలయికలో తల్లి మన వైపుది. వడకడానికి పనికొచ్చే పింజ కూడా మన వైపు నుంచే వచ్చింది. అమెరికా అడవి పత్తులకు వడికే పింజ లేదు. ఏ 26ను కలవనిదని తోసేస్తున్నారో, ఇవాళ్టి 52లో సగం అదే.

(13 దగ్గర ఒక చిన్న పిట్టకథ. గ్రాంట్ కొలబద్ద 14 దగ్గర మొదలవుతుంది గనుక దేశవాళీ పత్తి ఒక్క అంకె తేడాతో రెట్టింపు కాని జాతుల్లోకి వెళ్లిపోయింది. 2012లో అమెరికా అడవి పత్తి జన్యుపటం మొత్తం చదివితే, సుమారు ఆరు కోట్ల ఏళ్ల కిందట దాని పూర్వీకుల్లో కట్ట ఐదారు రెట్లైన ఆనవాళ్లు బయటపడ్డాయి. తర్వాత అతుకులు పడి, కొన్ని రాలిపోయి, 13 దగ్గర నిలిచింది. అంకె ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎక్కడ బోల్తాపడతామో దీన్నిబట్టి తెలుస్తుంది.)

ఇక ఆ గోడ సంగతి. అమెరికన్ పత్తి పువ్వులో 26, దేశవాళీ పుప్పొడిలో 13. కలిపితే 39. అందులో 13 జతలు కుదురుతాయి, 13 ఒంటరిగా మిగులుతాయి. మొక్క వస్తుంది, గింజ కట్టదు. మేళాల్లో మనకు చెప్పే కథ ఇక్కడితో ఆగిపోతుంది. తర్వాతి సగం ఇది. కాల్చిసిన్ అనే మందు, అంటే మన డొంకల్లో పెరిగే అడవినాభి దుంపలోనూ ఉండే విషం, లేత మొలకకు పట్టిస్తే కట్ట రెట్టింపవుతుందని 1937లోనే తేలింది. 39 కాస్తా 78 అవుతుంది, జోడీలు కుదురుతాయి, గింజ కడుతుంది. దాన్ని మళ్లీ 52తో కలిపితే 65. మళ్లీ 52తో, మళ్లీ 52తో కలుపుతూ పోతే కొన్ని తరాలకు 52 దగ్గర స్థిరపడిన మొక్కలు వస్తాయి. వాటిలో అక్కడక్కడా దేశవాళీ ముక్కలు కలిసిపోయి ఉంటాయి. వందల మొక్కల్లో మనకు కావలసిన గుణం ఉన్న ఒకటో రెండో ఏరుకోవాలి. ఇది పదేళ్లు, పదిహేనేళ్లు పట్టే ఓపిక పని, కాని అసాధ్యం ఎంతమాత్రం కాదు. సూరత్ కేంద్రం నుంచి వచ్చిన దేవిరాజ్, దేవితేజ్ రకాలు ఇలా ఆసియా, అమెరికా పత్తుల్ని కలిపి తీసినవే.

ఒంగోలు, కందుకూరు వైపు రైతులకు ఇంకా దగ్గరి ఉదాహరణ పొగాకు. దాని 48 కూడా రెండు 24ల ఉమ్మడి కాపురమే. మొజాయిక్ తెగులును తట్టుకునే గుణం సాగు పొగాకులో లేదు, గ్లుటినోసా అనే 24 క్రోమోజోముల అడవి పొగాకులో ఉంది. రెంటినీ కలిపితే 36, గొడ్డుమొక్క. అమెరికాలో క్లాసెన్, గుడ్‌స్పీడ్ 1925లోనే అలాంటి కలయిక నుంచి 72 ఉన్న, గింజ కట్టే మొక్కను వర్ణించారు. 1938 నాటికి హోమ్స్ ఆ గుణాన్ని సాగు పొగాకులోకి దించాడు. తర్వాత మన రాజమండ్రి పొగాకు పరిశోధన కేంద్రం కూడా మొజాయిక్ తట్టుకునే రకాలు ఇచ్చింది. పొగాకుకు అక్కడా ఇక్కడా డబ్బు పెట్టేవాళ్లు ఉన్నారు గనుక 24కూ 48కీ మధ్య గోడ దాటారు. పత్తిలో అడ్డొచ్చింది క్రోమోజోము కాదు, పద్దు.

ఎందుకంత నమ్మకంగా అంటున్నానంటే మన జిల్లాల చరిత్రే చూడండి. కృష్ణా, గుంటూరు నల్లరేగడిలో ఒకప్పుడు పండింది అర్బోరియం పత్తి. కాకినాడ రేవు నుంచి ఎగుమతయ్యేది గనుక తెల్లవాళ్లు దానికి కొకనాడ పత్తి అని పేరు పెట్టారు. గోధుమ రంగు పింజ. వర్షాధారంగా, పెద్దగా మందూమాకూ లేకుండా పండేది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో పత్తి విస్తీర్ణంలో నూటికి 97 పాళ్లు దేశవాళీ రకాలేనని లెక్కలున్నాయి. మిల్లులకు పొడుగు పింజ కావాలి గనుక పరిశోధన అంతా 52 వైపు మళ్లింది. 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి వచ్చింది. హిర్సుటం, బార్బడెన్స్ కలిపిన హైబ్రిడ్ అది. రెండూ 52లే గనుక గోడ లేదు. దిగుబడి చూసి మనవాళ్లు ఎగబడ్డారు, తప్పు పట్టలేం. 1980ల నడుమ తెల్లదోమ వచ్చింది. కొట్టిన కొద్దీ పెరిగింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయ్యాయి. 2002లో బీటీ వచ్చింది, శనగపచ్చ పురుగు తగ్గింది, ఇప్పుడు గులాబీ రంగు పురుగు బీటీని లెక్కచేయడం లేదు. రసం పీల్చే పురుగులకు, ఆకుముడత వైరస్‌కు బీటీ ఎప్పుడూ మందు కాదు. ఆ వైరస్ దేశవాళీ పత్తికి సోకదు. బెట్టను, రసం పీల్చే పురుగుల్ని అది మెరుగ్గా తట్టుకుంటుంది. మనకు ఇవాళ కావలసిన గుణాలు 26 దగ్గర ఉన్నాయి, పెట్టుబడి మాత్రం 52 దగ్గరుంది.

కంపెనీలు ఆ గోడ ఎందుకు దాటవో ఊహించడం కష్టం కాదు. పదిహేనేళ్లు కష్టపడి ఒక సూటి రకం తీస్తే రైతు మరుసటి ఏడాది తన విత్తనం తానే దాచుకుంటాడు. హైబ్రిడ్ అయితే ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. అమెరికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ రైతులు సూటి రకాలు వేస్తుంటే పత్తిని దాదాపు పూర్తిగా హైబ్రిడ్‌గా వేసేది మనమే. కాబట్టి ఈ పని సర్కారు పరిశోధన కేంద్రాలదే. వాళ్లు కూడా 26, 52 అని చేతులెత్తేస్తే ఇక చేసేవాళ్లు లేరు.

దేశవాళీ పత్తికి లోపాలు లేవని నేననను. పింజ పొట్టి, కాయ చిన్నది, పగిలాక పత్తి నేల మీద రాలిపోతుంది. రాలిన పత్తి ఏరే కూలీకి గిట్టదు, కొనేవాడు ధర కోస్తాడు. కౌలు కట్టే రైతును రేపే నాలుగెకరాల్లో దేశవాళీ వెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు కూడా. కొందరు పర్యావరణవాద మిత్రులు దీన్ని రోగాలు లేని బంగారు కాలంగా వర్ణిస్తుంటారు. వాళ్లకు పత్తి ఏరిన అనుభవం లేదనుకుంటాను. అయితే ఈ లోపాలు తీరనివి కావు. పర్భణి వ్యవసాయ విశ్వవిద్యాలయం పీఏ-255 వంటి పొడుగు పింజ అర్బోరియం రకాలను ఇచ్చింది. మన నంద్యాల కేంద్రం శ్రీశైలం, మహానంది, యాగంటి వంటి దేశవాళీ రకాలు విడుదల చేసింది. పని చేసిన చోట ఫలితం వచ్చింది, చేసింది కొంచెమే.

మిరప గురించి కూడా ఒక మాట. కంపెనీల ఏజెంట్లు త్వరలో క్రోమోజోములు రెట్టింపు చేసిన మిరప అని, మరొకటని తెస్తే అంకె చూసి మోసపోకండి. టమాటకూ మిరపకూ 24 క్రోమోజోములే, కానీ మిరప జన్యుపటం టమాట దానికి మూడింతలకు పైనే ఉంటుంది. సర్వే నంబర్లు సమానమే, ఎకరాలు వేరు. అడవి మిరపల్లో కొన్నింటికి 26 ఉన్నాయి. ఇక మన మిరపకూ బక్కాటం అనే దక్షిణ అమెరికా మిరపకూ లెక్క సమానమే, అయినా అవి సులువుగా కలవవు. అంకె వేరైనంత మాత్రాన అసాధ్యం కాదు, అంకె ఒకటైనంత మాత్రాన తేలికా కాదు. 2021-22లో నల్లతామర పురుగు తోటలకు తోటలు ఊడ్చేసింది. దాన్ని తట్టుకునే గుణం కోసం ఎక్కడెక్కడి చుట్టాల్లో వెతకాలో తేల్చుకోవడానికి లాం ఫారానికి ఇలాంటి వంశవృక్షం లెక్కలు పనికొస్తాయి. క్రోమోజోముల లెక్కలు, వాటిని విశ్లేషించే ప్రోగ్రాములు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. కావలసింది మనుషులు, స్థిరమైన ఉద్యోగాలు, మధ్యలో ఆగని నిధులు.

అందుకని మనం అడగాల్సింది సూటిగా అడుగుదాం. లాం, నంద్యాల కేంద్రాలు కలిసి దేశవాళీ, అమెరికన్ పత్తుల్ని కలిపే పని పదిహేనేళ్ల పథకంగా చేపట్టాలి. రెండేళ్ల ప్రాజెక్టు, కాంట్రాక్టు మీద ఇద్దరు కుర్రాళ్లు అంటే 78 దగ్గరే పని ఆగిపోతుంది. దాంట్లోంచి వచ్చేవి సూటి రకాలుగానే విడుదల కావాలి, రైతు దాచుకునే హక్కుతో సహా. ఈ పేచీ వచ్చినప్పుడు 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ చూపించండి. మన విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే, బ్రాండు లేకుండా అమ్ముకునే హక్కు అందులో రాసి ఉంది. పొట్టి పింజను కూడా సీసీఐ కేంద్రాల్లో కొనాలి. సర్జికల్ దూదికి అదే కావాలి, కొనేవాడు లేడన్న మాట నిజం కాదు.

ఈలోగా మనం చేయగల పని ఒకటుంది. దీపం వత్తుల కోసం గుడి ఆవరణలో, పెరట్లో, గట్టు మీద ఏళ్ల తరబడి ఉంటున్న పాత పత్తి చెట్లు ఇంకా కొన్ని ఊళ్లలో కనిపిస్తాయి. వాటిలో 26వి ఉండవచ్చు. మీ ఊళ్లో ఉంటే ఊరి పేరు, పింజ రంగు, ఎప్పుడు పూస్తుంది, ఎన్నాళ్లుగా ఉందో పెద్దలనడిగి ఒక కాగితం మీద రాసి, గుప్పెడు గింజలతో మీ మండల కమిటీకి ఇవ్వండి. రైతు రకం నమోదుకు ఆ చట్టం ప్రకారం రైతు ఫీజు కట్టనక్కర్లేదు. గింజల్లో సగం ఊళ్లోనే ఉంచండి, మొత్తం ఎవరికీ ఇవ్వొద్దు, మాకైనా సరే.